బొమ్మల ఊరిలో అప్పు పద్దు లేదు

(మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ధర్నాకు హైదరాబాద్ పోయిన మన మండలం వాళ్లం, బస్సెక్కే ముందు సగం పూట దొరికితే మాదాపూర్‌లోని శిల్పారామం చూసి వచ్చాం. అక్కడ గ్రామీణ మ్యూజియం పేరుతో ఒక చిన్న పల్లెను కట్టి పెట్టారు. మట్టి గోడలు, గడ్డి కప్పులు, మనిషంత బొమ్మలు. కుమ్మరి సారె ముందు కూర్చున్నాడు, సాలె ఆయన మగ్గం మీద ఉన్నాడు. టికెట్ కొని మన ఊరు మనమే చూడాల్సి వచ్చెనని మాలో ఒక పెద్దాయన అంటే అందరం నవ్వాం.

చేసినవాళ్ల పనితనానికి వంక పెట్టలేం. పట్నం పిల్లలకు సారె ఎట్లుంటదో తెలియడానికి అదన్నా ఉంది. కానీ తల ఎత్తి చూస్తే చుట్టూ అద్దాల మేడలు. అక్కడికి దగ్గర్లోనే 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. మాదాపూర్, కొండాపూర్ ఒకప్పుడు మన ఊళ్ల లాంటి ఊళ్లే. గుట్టలు, చెల్కలు, చెరువులు. ఇప్పుడు అక్కడ పల్లె చూడాలంటే ఈ బొమ్మల దగ్గరికే పోవాలి.

ఆ కాలం ఎంత చల్లగా ఉండేదో అని పక్కన ఎవరో అన్నారు. మాతో వచ్చిన అక్కలు ఊరుకోలేదు. తెల్లారుజామున లేచి ఇసుర్రాయి తిప్పినవాళ్లను అడిగి చెప్పమన్నారు, చల్లగా ఉండెనో వేడిగా ఉండెనో.

మేం ఇవాళ మాట్లాడదలచుకున్నది దీని గురించే. బొమ్మకు పని ఉంది, పనిముట్టు ఉంది. అప్పు లేదు, కౌలు లేదు, వెట్టి లేదు. కుమ్మరికి, వడ్రంగికి, కమ్మరికి రైతు కళ్లం దగ్గర మేర కొలిచేవాడు. ఏడాది పొడుగునా చేసిన పనికి పంట మీద ఇచ్చే గింజలవి. అదే కుమ్మరి దొర గడీకి కుండలు ఊరికే పోయాలి. ఆ సంగతి చెప్పకుండా సారె ఒక్కటే చూపిస్తే, చూసే పిల్లవాడికి ఊరు ఎప్పుడూ పండగలా ఉండేదనే అనిపిస్తది.

కొలతల సంగతి చూడండి. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. వినడానికి ముచ్చటగా ఉంటది. కానీ ఊరు మారితే కుంచం మారేది. తీసుకునే కుంచం ఒకటి, ఇచ్చే కుంచం ఒకటి పెట్టుకున్న షావుకార్ల గురించి మన తాతలు చెప్పేవాళ్లు. నాగు పేరుతో వానాకాలం ముందు రెండు కుంచాలు తెచ్చుకుంటే, కోతలు కాగానే మూడు కుంచాలు కొలవాలి. కల్లంలో రాశి పోసిన నాడే సగం పోయేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పంట విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతికి పోకుండా, సంఘం వాళ్లు వడ్లు ఆమె ఇంటికి చేర్చారంటే, అది ఒక్క ఐలమ్మ వడ్ల కోసమే జరిగింది కాదు. కల్లం ఎవరిదన్న తగాదా అది.

1956లో దేశానికంతా ఒకే తూనికల చట్టం వచ్చింది, కుంచం పోయి కిలో వచ్చింది. మంచిదే. మరి ఇప్పుడు మన వడ్లు ఎట్లా తూగుతున్నాయి? తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. ఎండబోసి, తేమ చూపించి, కాంటా పెట్టిన తర్వాత కూడా మిల్లు దగ్గర 40 కిలోల బస్తా మీద కిలో, రెండు కిలోలు తరుగు అంటారు. రసీదులో ఆ మాట ఉండదు. ఎలక్ట్రానిక్ కాంటా అబద్ధం చెప్పకపోవచ్చు, కాంటా దిగిన తర్వాత మనిషి చెప్తున్నాడు.

నాగలి పట్టిన బొమ్మను చూస్తే ఇంకో ప్రశ్న కూడా వస్తది. ఆ భూమి ఎవరిది? బొమ్మను అడగలేం గానీ మనల్ని అడగకుండా ఉండరు. 2011లో సాగుదారుల చట్టం తెచ్చి కౌలు రైతుకు రుణార్హత కార్డు అన్నారు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పైసలు పట్టాదారు ఖాతాకే పడ్డాయి, దున్నేవాడికి పడలేదు. రేపు ఎవరన్నా మన కాలానికి మ్యూజియం కడితే ట్రాక్టర్ పెడతారు, స్ప్రేయర్ పెడతారు. కౌలు నోటి మాట మీద నడిచిందని ఎక్కడ పెడతారు?

అందుకే కమిటీ ఒక పని అనుకుంది. సంఘం ఆఫీసులో వెనక గది ఖాళీగా ఉంది. అటక మీద మానిక ఉంటే తెండి, గొర్రు ఉంటే తెండి, మోట బొక్కెన ఎవరి బావి దగ్గరన్నా పడి ఉంటే అదీ తెండి. వాటి పక్కన కాగితాలు కూడా పెడదాం: పాత వడ్డీ నోట్లు, షావుకారు చిట్టీలు, పోయిన యాసంగి కాంటా రసీదులు. కాగితం మీద పేరు ఉంటే చెరిపి జిరాక్స్ ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. నాగు సంగతి కళ్లారా చూసిన ముసలివాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలి ఉన్నారు. సెల్‌ఫోన్ మీ అందరి జేబులో ఉంది. ఈ నెలలోనే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ కొలతతో తెచ్చారు, ఏ కొలతతో ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అని అడిగి వాళ్ల గొంతులోనే రికార్డు చేసుకొని రండి.