గోలీ మింగితే అయిపోదు, ఇనుము నెత్తురుకు చేరాలె



వికారాబాద్, తాండూరు తండాల ఆడోళ్ల గురించి ఒక మాట వింటుంటం: "వీళ్లు గోలీలు మింగరు, అందుకే రక్తం లేదు." జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15-49 ఏండ్ల ఆడోళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇది తండాల తప్పు కాదు. మరి మింగిన గోలీ లోపల ఏమైతదో మనకు ఎవరన్నా చెప్పిన్రా?

గర్భిణులకిచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటది. చిన్నపేగు మొదటి భాగం అందులో కొంతే గుంజుకుంటది. మిగిలింది మలంలో పోతది, అందుకే అది నల్లగైతది. భయపడి గోలీ ఆపొద్దు.

ఆ కొంచెం కూడా దేనితో మింగినమన్న దాన్ని బట్టి ఉంటది. చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటయి. పాలలోని కాల్షియం అడ్డం పడతది. జొన్నరొట్టె, కందిపప్పులో ఉండే ఫైటేట్లు కూడా అంతే. నిమ్మకాయ, ఉసిరి, జామపండు మాత్రం ఇనుము లోపలికి పోవడానికి సాయం చేస్తయి. కాబట్టి చాయ్‌కీ గోలీకీ నడుమ రెండు గంటలు ఎడం పెట్టుండ్రి.

ఇంకో ముచ్చట. గోలీ పడంగనే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచి పేగు తలుపు దగ్గరికి వేస్తది. ఒక దినం దాకా అట్లనే ఉంటది. నిన్న మర్చిపోయినమని ఇయ్యాల రెండు మింగితే లాభం లేదు. ఇనుము నిల్వలు తగ్గిన యువతుల మీద చేసి 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, రోజూ మింగినోళ్లకు 16 శాతం, దినం తప్పి దినం మింగినోళ్లకు 22 శాతం దాకా ఇనుము ఒంటబట్టింది. అయితే గర్భిణులకు నియమం రోజుకొకటి, 180 రోజులు. డాక్టర్‌ను అడగకుండా మార్చుకోవద్దు.

ఇగ మన హక్కు సంగతి. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నరు. మంచిదే. కానీ పాలకూ గోలీకీ ఎడం ఉండాలె. ఈ సంగతి గోర్‌బోలిలో చెప్పాలె. గోలీలు ఇచ్చే ముందూ, ఇచ్చినంకా హిమోగ్లోబిన్ పరీక్ష చేసి, ఆ అంకె మన చేతికియ్యాలె. గోలీలు మింగినా అంకె పెరగకుంటే మనల్ని తిట్టుడు కాదు, కడుపులో నులిపురుగులున్నయా, సికిల్ సెల్ ఉందా అని చూడాలె.

గోలీల లెక్క వాళ్ల రిజిస్టర్‌లో ఉంటది. నెత్తురు లెక్క మనం అడగాలె.

జై సేవాలాల్! జై భీమ్!