ఇంటి పన్ను, ఆశీలు, సర్కారు గ్రాంటు
(ప్రసంగ పాఠం)



శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చి లక్ష్మీపూర్‌లోను, అటు రాయగడ, ఇటు కోరాపుట్ పట్టణాలలోను స్థిరపడిన తెలుగువారిలో పలువురు అద్దె ఇళ్లలో నివసిస్తారు. ఇంటి పన్ను యజమానికి సంబంధించిన వ్యవహారమని, తమకు దానితో పని లేదని వారి భావన. అయితే పన్ను పెరిగిన ఏడు అద్దె పెరుగుతుంది. పన్ను వసూలు కాని ఏడు వీధి దీపం వెలగదు.

ఒడిశాలో ఈ పన్నుకు హోల్డింగు పన్ను అని వాడుక. దీనికి ఆధారం 1950 నాటి పురపాలక చట్టం. ఇంటి వార్షిక విలువను బట్టి పన్ను నిర్ణయమవుతుంది. కాని ఆ విలువను సకాలంలో సవరించడానికి ఏ పాలకవర్గమూ ఉత్సాహపడదు. ఓటు వేసేది ఆ ఇంటివారే కదా! అందుచేత పట్టణాలు ఇతర రాబడుల వైపు చూచాయి.

వాటిలో ముఖ్యమైనది ఆక్ట్రాయ్. పొలిమేరలో గేటు నిలిపి, లోనికి వచ్చే సరకుపై వసూలు చేసిన సుంకమది. ఏ ఇంటి తలుపూ తట్టకుండా రోజూ నగదు చేతికందేది. లారీలు బారులు తీరి నిలవడం, గేటు వద్ద బేరసారాలు దాని అవలక్షణాలు. 1999 డిసెంబరు 1 నుండి ఒడిశాలో అది రద్దయింది. దాని స్థానంలో రాష్ట్ర ప్రభుత్వానికి ప్రవేశ పన్ను, పట్టణాలకు నష్టపరిహార గ్రాంటు ఏర్పడ్డాయి. 2017 జూలై 1న ప్రవేశ పన్ను సైతం జి.ఎస్.టి.లో లీనమైంది. ఒకనాడు తన గేటు వద్ద తానే వసూలు చేసుకొన్న పట్టణం, భువనేశ్వర్ నుండి రావలసిన ఉత్తర్వు కోసం ఎదురుచూడసాగింది.

గ్రాంటు అడగడంలో అవమానమేమీ లేదు. ప్రతి ఐదేళ్లకు రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించాలని రాజ్యాంగమే శాసించింది. కేంద్రం నియమించిన 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని పట్టణ సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సూచించింది. కాని అందుకొక షరతు పెట్టింది: ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, ఆ పిమ్మట రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి దీటుగా వసూళ్లు పెరగాలి. తప్పించుకోబోయిన ఇంటి పన్నే మళ్లీ గుమ్మంలో ఎదురైంది.

అప్పు మాటేమిటి? 2018లో హైదరాబాదు నగరపాలక సంస్థ 200 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. విశాఖపట్నం కూడా అదే ఏడు ఆ దారి పట్టింది. కొండల నడుమ ఉన్న చిన్న ఊరికి అది సాధ్యం కాదు. బాండు కొనేవాడు ముందుగా అడిగేది ఊరి సొంత రాబడి లెక్కనే.

ఇక మిగిలేవి చెత్త రుసుము, నీటి రుసుము, దుకాణాల అద్దె, సంత ఆశీలు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. అల్లం, చోళ్లు గంపనెత్తుకొని కొండ దిగి వచ్చిన స్త్రీ, ఒక్క రూపాయి అమ్మకం కాకమునుపే ఆశీలు చెల్లించవలసి వస్తుంది. ఎదుట నిలిచిన మూడంతస్తుల భవనానికి మాత్రం ఏనాటిదో పాత విలువే కొనసాగవచ్చు. ఇంటి పన్నుకు ప్రత్యామ్నాయమని చెప్పే ప్రతి రుసుమునూ ఈ తూకంలో వేసి చూడవలసి ఉన్నది. తెలంగాణ 2019 చట్టం 75 చదరపు గజాల లోపు చిన్న ఇళ్లకు ఏటా 100 రూపాయల పన్ను నిర్ణయించింది. పేదవానికి తగ్గించడానికి పన్నునే ఎత్తివేయనక్కరలేదని దీనివలన తెలుస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మూలధన విలువ పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు ఏడాదికి 15 శాతం మించి పెంచరాదన్న పరిమితి విధించారు. అయినా పట్టణాలలో నిరసనలు తప్పలేదు.

అద్దెకున్నవారు చేయదగినది ఒకటున్నది. పన్ను పేరిట యజమాని అద్దె పెంచినప్పుడు హోల్డింగు సంఖ్య, ఆ ఏటి రసీదు చూపమని మర్యాదగా అడగవచ్చు. అక్కడ నిజంగా పెరిగినదెంతో రసీదులోనే కనిపిస్తుంది.