తాతమ్మ గొంతును దాచుకునే పద్ధతి



సంగీతం డిస్కులను కంప్యూటరులోకి ఎక్కించుకునే పద్ధతిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. మేము విద్వాంసులం కాము, ఇంజనీర్లమూ కాము. ఒక పొరపాటు చేసి, దానివల్ల నేర్చుకున్నవాళ్ళం. ముందుగా అదే విన్నవిస్తాము.

మా తాతమ్మ పాడిన లాలిపాటలు, పెళ్ళిపాటలు ఒకప్పుడు క్యాసెట్టు మీద ఉండేవి. తరువాత వాటిని ఇంట్లోనే సీడీ మీదికి ఎక్కించాము. ఆ సీడీని ఎంపీ3గా మార్చి, ఇంక దీనితో పనేముందని పారవేశాము. ఎంపీ3 పద్ధతి చెవికి అంతగా తెలియదనుకున్న ధ్వనిని తీసివేసి ఫైలును చిన్నది చేస్తుంది. తీసివేసినది మళ్ళీ రాదు. పాట వెనుక ఉయ్యాల గొలుసు చప్పుడు ఇప్పుడు ఏదో గరగరలాగా వినిపిస్తుంది. తాతమ్మా లేదు, క్యాసెట్టూ లేదు.

కనుక మొదటి మాట: ఫ్లాక్ పద్ధతిని ఎంచుకోండి. ఇది 2001లో వెలువడింది, ఉచితం. బియ్యాన్ని కుదించి మూట కట్టినట్టే. విప్పితే ఒక్క గింజ తగ్గదు. గంట సంగీతం సీడీ మీద సుమారు 635 మెగాబైట్లు. ఫ్లాకులో తరచు అందులో సగమో, కొంచెం ఎక్కువో అవుతుంది.

రెండవది: ఫ్లాకులో 0 నుండి 8 వరకు మెట్లుంటాయి. 8 పెడితే ధ్వని బాగుంటుందనేది భ్రమ. అన్ని మెట్లలోనూ ధ్వని ఒక్కటే. ఫైలు పరిమాణం, పట్టే సమయం మాత్రమే మారుతాయి. మామూలుగా ఉండే 5 చాలు.

మూడవది: సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు. అలాగే ఉంచండి. పెంచితే పాలలో నీళ్ళు పోసినట్టే. కొలత పెరుగుతుంది, చిక్కదనం పెరగదు. ధ్వని స్థాయిని సమం చేసే నార్మలైజ్ ఏర్పాటును ఆపివేయండి. అది అసలు అంకెలనే మారుస్తుంది.

నాలుగవది ముఖ్యమైనది. గీతలు పడ్డచోట డ్రైవు ఊహించి పూరించి, ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. అందుచేత అనుమానం వచ్చినచోట మళ్ళీ మళ్ళీ చదివే సెక్యూర్ మోడ్ పెట్టండి. దుకాణంలో కొన్న సీడీ అయితే ఆక్యురేట్‌రిప్ ద్వారా ఇతరుల ఫలితాలతో పోల్చుకోవచ్చు. ఇంట్లో చేసిన సీడీకి లోకంలో జోడీ లేదు. దానిని రెండుసార్లు చదివించి తనిఖీ సంఖ్యలు సరిచూడండి. కలవకపోతే మెత్తని గుడ్డతో మధ్యనుండి అంచుకు తుడిచి, వేరే డ్రైవులో ప్రయత్నించండి.

ఐదవది: పాడినది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరమో ఫైలులోనే వ్రాయండి. తెలుగు అక్షరాలు చక్కగా ఇముడుతాయి. మన పిల్లల్లో తెలుగు చదవలేనివారున్నారు గనుక, పక్కనే వారికి తెలిసిన లిపిలోనూ వ్రాయండి. మరి రెండు నకళ్ళు తీసి, ఒకటి వేరే ఇంట్లో దాచండి. సీడీని మాత్రం పారవేయకండి.

ఇంట్లో రాసిన సీడీల పూత కాలక్రమాన చెడుతుంది. మీ అలమరలో అటువంటిది ఒక్కటైనా ఉంటే, పండుగ అయిన మరునాడే బయటకు తీయండి. మాకు దక్కనిది మీకైనా దక్కాలని మా కోరిక.