గుఱ్ఱపు బీజకణములోని పొయ్యి

మగగుఱ్ఱపు వీర్యమును చల్లబఱచి దూరప్రాంతములకు పంపుట నేడు సామాన్యవిషయమే. దానిని 5 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో నుంచినను ఒకటి రెండు దినములలోనే అందలి కణముల చుఱుకు తగ్గిపోవును. ఆడుగుఱ్ఱపు శరీరములో నైనచో ఆ కణములే ఇంకను కొన్ని దినములు బ్రదుకగలవు. సీసాలో ఇంత త్వరగా ముసలితన మేల వచ్చును? గుఱ్ఱములను పెంచువారికి ఇది వేడుకకై అడుగు ప్రశ్న కాదు. దారిలో కణములు నశించినచో ఆ యెద వ్యర్థమై, తిరిగి మూడు వారములు కాచుకొనవలెను.

బీజకణమునకు తల, మెడక్రింద నొక మధ్యభాగము, పొడవైన తోక కలవు. మధ్యభాగమున మైటోకాండ్రియా లను సూక్ష్మాంగములు త్రాడు చుట్టినట్లు చుట్టుకొని యుండును. గ్రీకుభాషలో దారము, రేణువు అను రెండు మాటలను కలిపి 1898లో కార్ల్ బెండా ఈ పేరు పెట్టెను. ఆయన అప్పుడు పరిశీలించుచున్నవి బీజకణములుగా మాఱుచున్న కణములే యగుట విశేషము.

మనుష్యుని బీజకణము చక్కెరను చీల్చియే చాలవఱకు శక్తిని పొందగలదు. గుఱ్ఱపు కణమున కది చాలదు. ప్రాణవాయువును పీల్చి మైటోకాండ్రియా వండి పెట్టిన శక్తితోనే దాని తోక ముఖ్యముగా కదలును. కాని ఏ పొయ్యికైనను పొగ తప్పదు గదా! ఈ శ్వాసక్రియలో కొన్ని ఎలెక్ట్రానులు దారితప్పి ప్రాణవాయువుతో కలిసి సూపరాక్సైడు అను ఉగ్రపదార్థ మగును. అది కణపుపొరలోని సున్నితమైన క్రొవ్వులను చెఱచును. చెడిన క్రొవ్వులనుండి పుట్టిన ఆల్డిహైడులు మరల మైటోకాండ్రియా మాంసకృత్తులకే అంటుకొనగా పొగ మఱింత హెచ్చును. ఈ కణము క్రొత్త మాంసకృత్తులను తయారుచేసికొని మరమ్మతు చేసికొనజాలదు. ఉన్నదానితోనే కాలము గడపవలెను.

అట్లయిన పొగ తక్కువగల వీర్యమే మేలని ఎవరైనను తలంతురు. మేమును అట్లే తలంచితిమి. 2014లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జమీరా గిబ్, జాన్ ఐట్కెన్ ప్రభృతులు ప్రకటించిన ఫలితము దీనికి విరుద్ధము. గర్భము నిలిచిన వీర్యములలోనే ఈ పొగజాడలు ఎక్కువగాను, బ్రదికియున్న కణముల పాలు తక్కువగాను కనబడెను. గట్టిగా పనిచేయు కణమే త్వరగా కాలిపోవుచున్నదన్నమాట. కావున బ్రదికిన కణములను లెక్కించి మాత్రమే వీర్యమునకు వెల కట్టుట పొరపాటని మా అభిప్రాయము. పొయ్యి నార్పినచో కణమునకు కూడు లేదు. ఆ పరిశోధకులే 2015లో పైరువేటు, కార్నిటిను అను పదార్థములను వీర్యమునకు చేర్చగా గది వేడిమిలో నిలువయున్న కణములు ఎక్కువ కాలము బ్రదుకునని చూపిరి.

ఇంకొక మాట. ఆడుగుఱ్ఱపు అండమును చేరిన పిమ్మట తండ్రి తెచ్చిన మైటోకాండ్రియా అచ్చట నశింపజేయబడును. మేలుజాతి గుఱ్ఱముల వంశావళి చెప్పువారు తండ్రిపేరే ముందు చెప్పుదురు గాని, పిల్లగుఱ్ఱపు ఒంటిలోని మైటోకాండ్రియా మాత్రము తల్లినుండి వచ్చినవే.