చెరువడుగు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు పండితసభలలో ప్రసంగించు అర్హత లేదు. నాకబ్బిన నాలుగు కావ్యముల పరిచయమును, పిదప కలిగిన ప్రకృతిశాస్త్రాభిలాషయు ఈ గ్రంథాలయపు బీరువాల చలవయే. ఆ ఋణమును కొంతయైన తీర్చుకొను తలంపుతో, కంటికి కానరాని యొక లోకమును గూర్చి మనవి చేయుచున్నాను.

తామరను పంకజమని కవులు కొనియాడిరి గాని, ఆ పంకమున కాపురముండు ప్రాణులను తలచినవారు అరుదు. నత్తలు, ఆల్చిప్పలు, నూలుపోగులవంటి ఎఱ్ఱపురుగులు మొదలగు వెన్నెముక లేని జీవులు నీటి అడుగున బ్రదుకును. పైనుండి దిగు చచ్చిన నాచు, రాలిన ఆకులు వీనిలో పెక్కింటికి ఆహారము. వీనిని తిని చేపలు బలియును.

మట్టి యెట్టిదో కాపురమును అట్టిదే. ఇసుకలో నీరు ఆడును, ప్రాణవాయువు లోనికి పోవును. కాని తిండి తక్కువ. మెత్తని అడుసులో తిండి సమృద్ధి. ప్రాణవాయువు మాత్రము తఱచుగా పైపొరకే పరిమితము. అందుచేత బురదపురుగులు కొన్ని బొరియలు త్రవ్వి, దేహమును కదల్చుచు నీటిని లోనికి తెచ్చుకొనును. ఎఱ్ఱపురుగుల యెఱుపు మన నెత్తుటి యెఱుపువంటిదే; కొద్దిపాటి ప్రాణవాయువునైనను అది పట్టియుంచును. సన్నని ఒండు అతిగా పడినచో నీటిని వడగట్టి తిను ఆల్చిప్పల మొప్పలు పూడుకొనిపోవును.

తిండి హెచ్చిన మేలే గదా యని మీరనవచ్చును. చిక్కు అక్కడనే యున్నది. ఉత్తర అమెరికాలో ఈరీ అను మహాసరస్సు కలదు. దాని పడమటి భాగపు బురదలో మే ఫ్లై అను రెక్కపురుగు పిల్లలు కోట్లకొలది పెరిగి, రెక్కలు వచ్చిన పిదప మేఘములవలె లేచెడివి. పట్టణముల మురుగును, పొలముల ఎరువును సరస్సున కలియగా నాచు ప్రబలెను. అది చచ్చి అడుగున క్రుళ్లుటలో ప్రాణవాయువు ఖర్చయ్యెను. 1953 వేసవి చివర గాలి స్తంభించి, పైనీరు క్రిందినీటితో కలియకపోగా, ఊపిరి చాలక ఆ పిల్లపురుగులు కుప్పలుగా చచ్చెను. కొలది యేండ్లలో ఆ జాతి అచట దాదాపు మాయమయ్యెను. 1972లో అమెరికా, కెనడాలు ఒడంబడిక చేసికొని, నీటిలో కలియు భాస్వరమును తగ్గించినవి. అయినను ఆ పురుగులు మరల కనబడుటకు 1990 దాటవలసివచ్చెను. చెడుటకు ఒక వేసవి, బాగుపడుటకు సుమారు నలువది యేండ్లు!

నా బాల్యమున మన చెరువులో దిగినచో కాళ్లకు ఆల్చిప్పలు తగిలెడివి. మొన్న వేసవిలో దిగి చూచితిని: నల్లని బురద, క్రుళ్లిన గ్రుడ్ల వాసన. వీధుల మురుగును చెరువులోనికి మళ్లించిననాడు ఆ కాలువ పనికి లెక్క వ్రాసినవాడను నేనే. కూలి వ్రాసితిని, రాయి వ్రాసితిని. చెరువునకైన ఖర్చు వ్రాయనైతిని. ఆ తప్పును ఈ సభలో ఒప్పుకొనుచున్నాను.

ఆ కాలువను దారి మళ్లింపుడు. అంచనా వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.

స్వస్తి.