వినిపించు పుస్తకము



వేదమునకు శ్రుతి యని పేరు. విద్య మొదట చెవి ద్వారముననే మనుష్యునిలో ప్రవేశించినది. ఊరిలో పురాణము చెప్పువా డొకడు, వినువారు పదుగురు. అక్షరములు రానివారును, చూపు లేనివారును ఆ పదుగురిలో నుండెడివారు. అచ్చుపుస్తకము విద్యను ఇంటింటికిని చేర్చినది గాని, చూపు లేనివానిని గడప వెలుపలనే నిలిపినది. గ్రంథాలయము అందరిదని పలకపై వ్రాసినంత మాత్రమున అందరిది కాజాలదు.

ఈ కొరతను తీర్చుటకు ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ బ్రెయిలీ 1829లో చుక్కల లిపిని ప్రకటించెను. ఆరు చుక్కల అమరికను వ్రేలితో తడవి చదువుట దాని పద్ధతి. భారతీయ భాషలకు పనికివచ్చు భారతీ బ్రెయిలీ 1951లో ఏర్పడెను. అయినను బ్రెయిలీ పుస్తకము బరువైనది, ఖర్చుతో కూడినది. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, లాభాపేక్ష లేకుండ గ్రంథములను వైకల్యము గలవారికి అందు రూపములోనికి మార్చుటకు వెసులుబాటు కల్పించిరి. ఇదే ఉద్దేశముతో 2013లో మరాకేషు నగరమున అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. 2014లో దానిని మొట్టమొదట ధ్రువీకరించిన దేశము భారతదేశమే. కావున ఈ పనికి చట్టము అడ్డు కాదు.

ఇప్పుడు కృత్రిమ మేధ యను సాధనము తోడైనది. సెల్‌ఫోనుతో పుటను ఫోటో తీసినచో, యంత్రము అందలి అక్షరములను పోల్చుకొని గొంతెత్తి చదువును. బొమ్మ యుండిన వర్ణించును. కఠిన వాక్యమును సులభమైన మాటలలో చెప్పును. ఉపన్యాసమును వినికిడి లేనివారి కొరకు అక్షరములలో పెట్టును.

అయితే తెలుగు లిపి సూక్ష్మమైనది. గుణింతములును, వత్తులును ఒకదానిపై నొకటి పేరుకొనును. పాత అచ్చులో సిరా వెలిసినచో వకారము పకారముగా తోచును. వాము తినవలెనన్న వైద్యవాక్యము పాము తినవలెనని వినిపించినచో నవ్వుకొనవచ్చును. మందు మోతాదులో దశాంశ బిందువు జారిపోయినచో నవ్వుటకు వీలులేదు. పట్టికలోని అంకెలను వరుస తప్పి చదివినచో ఒకరి భూమి వేరొకరి పేర వినబడును. అంతకంటె ప్రమాదమేమన, యంత్రము తనకు కనబడనిదానిని ఒక్కొక్కప్పుడు ఊహించి పూరించును. ఆ ఊహను సైతము నిజమును పలికిన గొంతుతోనే పలుకును. చూపున్నవాడు పుటను తిరిగి చూచుకొనును. లేనివాడు దేనితో సరిచూచుకొనును?

ధృతరాష్ట్రునకు యుద్ధమును వినిపించిన సంజయుడు ఇచట స్మరింపదగినవాడు. ప్రభువు కుమారుల పరాజయమును దాచక, చూచినదానిని చూచినట్లు చెప్పెను. యంత్రమునకు దృష్టి నిచ్చినవారు శాస్త్రజ్ఞులు. దాని మాటకు సత్యము నిచ్చువారు తప్పులు దిద్దు మనుష్యులే.

కావున రజతోత్సవ వేళ ఈ గ్రంథాలయము చేపట్టదగిన పని యిది. ఒకరు మూలమును చదువగా, మరొకరు యంత్రము తీసిన ప్రతితో సరిచూడవలెను. అంకెలను రెండుమారులు చూడవలెను. బొమ్మకు ‘ఇది నదుల పటము’ అన్న చాలదు. గోదావరి నాసిక్ సమీపమున త్ర్యంబకమున పుట్టి, ఆగ్నేయముగా ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నదని చెప్పినప్పుడే అది పాఠమగును. చివరకు చూపు లేని పాఠకుడు స్వయముగా విని, అర్థమైనదని ఒప్పుకొన్న పిదపనే ఆ ప్రతిని గ్రంథముల జాబితాలో చేర్చవలెను. నెల కొక్క పుస్తకమైనను చాలును. చందాదారుల పుస్తకములో అట్టి పాఠకుని పేరు చేరిన నాడు ఈ ఉత్సవము సార్థకమగును.

స్వస్తి.