మంచు తుపాను, మన పత్రిక
(బరంపురములో సంఘ వార్షిక సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



సంఘపత్రిక భాషను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము పదవ తరగతితో చదువు చాలించి పప్పుల అంగడిలో కూర్చున్నవారము, పండితులము కాము. అయినను ప్రతిదినము పత్రిక చదువుట మాకు చిన్ననాటి అలవాటు. ఆ చదువులో మాకు తగిలిన ఒక పరదేశపు మాటతో మొదలిడుచున్నాము.

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంపు రెండవ పర్యాయము పదవి స్వీకరించిన దినముననే 20కి మించిన ఉత్తరువులపై సంతకములు చేసెను. అచ్చటి పత్రికలు దానిని ‘ఉత్తరువుల బ్లిజార్డు’ అని వర్ణించినవి. బ్లిజార్డు అనగా మంచు తుపాను. అచ్చటి వాతావరణశాఖ లెక్కలో గంటకు 35 మైళ్లకు తగ్గని గాలి వీచుచు, పావు మైలు దూరమునకు చూపు ఆనక, 3 గంటలు సాగిననే గాని ఆ పేరు చెల్లదు. పత్రికలవారికి అంత నియమము లేదు.

ఈ మాట చరిత్ర విచిత్రమైనది. 19వ శతాబ్ది తొలి భాగమున అమెరికాలో దానికి గట్టి దెబ్బ యనియు, తుపాకుల మూకుమ్మడి కాల్పు అనియు అర్థము. 1870లో అయోవా రాష్ట్రమునందలి ఎస్తర్‌విల్ అను చిన్న యూరి పత్రిక దానిని మంచు తుపానుకు పెట్టినది. 1888 జనవరి 12న నెబ్రాస్కా, డకోటా మైదానములలో బడినుండి ఇంటికి పోవు పిల్లలనేకులు మంచులో దారితప్పి మరణించిరి; మొత్తము మృతులు 200కు పైమాట. ఆ మార్చిలోనే న్యూయార్కు ప్రాంతమును ముంచిన తుపానులో 400 మందికి పైగా పోయిరి. అంతటి మాటను పిదప కాగితముల రాశికిని, ప్రకటనలకును, అబద్ధములకును వాడసాగిరి.

మేము గమనించినది ఒకటి. కాల్పు అని అర్థమున్ననాడు ఆ మాట వెనుక కాల్చువాడొకడుండెను. తుపానైన పిదప వాడు మాయమైనాడు. తుపానును ఎవరు పంపిరని ఎవరడుగుదురు? తలుపులు బిగించుకొని కూర్చుందురు. ఉత్తరువునకో, సంతకమున్నది, తేదీ యున్నది. పోయి అడుగుటకు ఒక మనిషి యున్నాడు.

మన తెలుగు పత్రికలకు మంచు లేదుగాని సముద్రమున్నది. ఆరోపణల తుపాను, ఎన్నికల ప్రభంజనము, అభిమానుల ఉప్పెన! 2004 డిసెంబరు పిమ్మట సునామీయు వచ్చి చేరినది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టబెట్టుకొన్న ఉప్పెనను సినిమా టిక్కెట్ల గుంపునకు వాడుట మాకు రుచింపదు. ఇట్టి వానిని పడికట్టు మాటలందురు. పడికట్టు రాయి సంగతి మా అంగడివారికి తెలియును. అరిగిన రాయి తూకము తప్పును.

ఆ తూకము తప్పి మేము నష్టపడినాము. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చుచున్నదని పత్రికలు హెచ్చరించినపుడు, ‘వీరికి రోజునకొక తుపాను’ అనుకొని గోదాములోని సరకు కదల్పలేదు. 12వ తేదీ రాత్రి రేకులు లేచిపోయినవి. 40 బస్తాల కందిపప్పు తడిసినది. అధికారులు మావలె తలపక దాదాపు 10 లక్షల మందిని ముందుగానే తరలించిరి. అందుచేత 1999 అక్టోబరు 29 నాటి తుపానులో సుమారు 10,000 ప్రాణములు పోయినట్లు ఈసారి పోలేదు.

ఇక మన పత్రిక. నిరుడు మన పేట బడిలో తెలుగు తరగతి మూతపడినపుడు, ‘మార్పుల తుపానులో తెలుగు కొట్టుకొనిపోయినది’ అని వ్రాసినది మేమే. బాగున్నదని పలువురు మెచ్చిరి. జరిగినదేమి? తెలుగు పంతులుగారు పదవీ విరమణ చేసిరి; ఆ స్థానము నింపలేదు; పిల్లల సంఖ్య చాలదని ఒక ఉత్తరువు వచ్చినది. సంఖ్య చాలకపోవుట మనవలన గాదా? మా పెద్దవానిని ఇంగ్లీషు బడికి పంపినది మేము. ఏ తుపానును కాదు. ఆ వాక్యము వ్రాయునపుడు ఈ సంగతి మాకు తెలియకపోలేదు.

కావున వచ్చు సంచికలో ఆ ఉత్తరువు సంఖ్యను, తేదీని, సంతకము చేసిన అధికారి హోదాను ముద్రింపవలెనని ప్రతిపాదించుచున్నాము. నకలు కార్యదర్శిగారి వద్ద నున్నది. తరగతి తిరిగి తెరువుడని పెట్టు అర్జీకి పిల్లల పేర్లు కావలెను. ద్వారము కడ పుస్తకము పెట్టించితిమి. మా చిన్నమ్మాయి పేరు మొదటి వరుసలో వ్రాసి వచ్చితిమి.